స్టిక్కర్ మీద మూడు వేల వాట్లు

ఆంప్లిఫయర్ల ముందు అతికించే ఆ వెండిరంగు స్టిక్కర్లు చూస్తేనే నాకు చీదర. మూడు వేల వాట్లని రాసి ఉంటుంది. అంత కరెంటు లాగాలంటే గీజరుకు వేసినంత లావు వైరు కావాలి. వాటికుండేదేమో టేబుల్ ఫ్యాను వైరు. ఈ మాత్రం లెక్క తెలియని వాణ్ని కూడా కాదు. దేవరుప్పులలో ఇరవై ఏళ్లుగా పదో తరగతికి కరెంటు పాఠం చెబుతున్న సైన్సు మాస్టర్ని.

మా అన్న భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. యంత్రాల మోతకు చెవులు సగం పోయాయి. మిగిలిన సగంతో పాత పాటలు విందామని పెద్ద స్పీకర్లు ఒక జత కొనుక్కున్నాడు. కరెంటు తిండిపోతు స్పీకర్లవి. గట్టి ఆంప్లిఫయర్ తగిలిస్తే తప్ప గొంతు సరిగా పలకదు. దాన్ని చూసిపెట్టే పని నాకు అప్పగించాడు, తమ్ముడు చదువుకున్నోడని.

జనగామలో ఒక షాపుకు పోయాను. షాపాయన ఏం స్పీకర్లని అడగనే లేదు. మూడు వేల వాట్ల స్టిక్కరున్న డబ్బా ఒకటి దించి, డీజే పాట పెట్టి, కౌంటరు అద్దం అదరగొట్టి, నా మొహం చూశాడు. డబ్బాను వెనక్కి తిప్పి ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో చూస్తే సరిపోయేది. చూడలేదు. పైగా ఒంటిచేత్తో ఎత్తి, ఎంత తేలిగ్గా ఉందోనని మురిసిపోయి కొనేశాను. లోపల సరైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే నడుము పట్టేయాలి కదా. తలచుకుంటే నా చదువు మీద నాకే రోత పుడుతుంది.

అన్న ఇంట్లో బిగించిన రోజే సంగతి తేలిపోయింది. కాస్త సౌండు పెంచగానే పాడే గొంతు చిరిగిపోయింది. అన్న చెవికి చెయ్యి ఆనించుకున్నాడు.

"గరగర అంటున్నది తమ్మీ. నాకేనా, నీకు గూడ ఇనవడ్తున్నదా?"

"గరగర ఏం లేదన్నా. మంచిగున్నది" అన్నాను.

ఏరికోరి తెచ్చింది నేను. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత అన్న ఫోన్లు తగ్గించాడు. దసరాకు పోతే స్పీకర్ల మీద దుప్పటి కప్పి ఉంది. చెవులు మొత్తమే పోతున్నాయని బెంగపెట్టుకున్నాడనీ, రెండుసార్లు వరంగల్ దవాఖానకు పోయొచ్చాడనీ, పాటలు మానేశాడనీ వదిన అన్నం వడ్డిస్తూ చెప్పింది.

వారం తిరక్కుండా, ఈసారి వెనక రాసినవన్నీ చదివి, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ఆంప్లిఫయర్ తెచ్చి బిగించాను. తక్కువ సౌండులోనే గొంతు తేటగా వచ్చింది. అన్న పల్లవంతా కదలకుండా విన్నాడు. చరణం మొదలయ్యాక నా వైపు తిరిగాడు.

"అంటే ఆ దినం నీకు గూడ గరగర ఇనవడ్డది."

"ఇనవడ్డదన్నా."

"సగం చెవిటోన్ని బాయి చేసింది. తక్కిన సగం నువ్వు చేస్తివి గద తమ్మీ" అని, మళ్లీ పాట వైపు తిరిగాడు.