మునేట్లో నానని చక్రం

అయినా మామయ్య మాట నేనెందుకు ఒప్పుకోవాలి? "ఆ రోజుల్లో జగ్గయ్యపేట వాళ్ళు మన నందిగామ పొట్ట కొట్టారు" అని ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ దణ్ణాలు పెట్టారు. నేను మాత్రం అక్కడే పోట్లాటకు దిగాను. హైదరాబాద్‌లో పెరిగినదానివి, నీకేం తెలుసన్నాడు. నాకు తెలుసు. తాతయ్య చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకున్నది నేనే.

కిందటి ఎండాకాలం, నందిగామలో, వరండాలో మంచం మీద కూర్చుని చెప్పాడు.

"ముందా ఫోను పక్కన పెట్టమ్మా."

"నీ మాటలు ఎక్కేది ఇందులోకే తాతయ్యా."

"అయితే దానికీ వినపడేట్టు చెబుతాలే."

యాభైల చివర్లో తాతయ్య ఇరవై నిండని బండివాడు. రెండూళ్ళ బండ్లూ మిరపకాయ బస్తాలేసుకుని బెజవాడ వెళ్ళేవి. ఎవరు ముందు చేరితే వాళ్ళ సరుకు ముందు కాటా ఎక్కుతుంది. కొట్టు షావుకారు మళ్ళీ వారం సరుకు తెమ్మని కబురు వాళ్ళకే పంపుతాడు. జగ్గయ్యపేట వాళ్ళకి దూరం ఎక్కువ. అయినా చాలాసార్లు వాళ్ళే ముందుండేవాళ్ళు. అదీ మనవాళ్ళ కడుపుమంట.

పోటీ ఎంతున్నా ఒక పద్ధతి మాత్రం ఎవరూ తప్పేవారు కాదు. ఎండలకు చెక్క చక్రం ఎండిపోయి, చుట్టూ ఉన్న ఇనప పట్టా వదులవుతుంది. అందుకని కీసర దగ్గర మునేట్లోకి బండ్లు దింపి, చక్రాలు నాని పట్టా బిగిసేదాకా ఆగాలి. అక్కడ రెండూళ్ళ ఎద్దులూ పక్కపక్కనే నీళ్ళు తాగేవి. బండివాళ్ళు ఒకళ్ళ చుట్ట నిప్పుతో ఒకళ్ళు ముట్టించుకునేవాళ్ళు.

ఆ వారం షావుకారు తెగేసి చెప్పాడట, ఈసారీ ఆలస్యమైతే ఇక నందిగామ బండ్లని పిలవనని. మనవాళ్ళ తరఫున ఆ రోజు బండి కట్టింది తాతయ్యే. ఆ తొందరలో చక్రాలు నాననివ్వకుండా మునేరు దాటించేశాడు. పొద్దెక్కేసరికి పరిటాల దగ్గర పట్టా ఊడి, దొర్లుకుంటూ పోయి గుంటలో పడింది. చక్రం విడిపోయింది. బండి ఒక పక్కకి ఒరిగింది.

కాసేపటికి వెనక నుంచి జగ్గయ్యపేట బండ్లొచ్చాయి. ముందు బండి తోలుతున్న పెద్దాయన చక్రం చూసి పకపకా నవ్వాడట.

"ఏరా అబ్బాయ్, మునేట్లో నీళ్ళు కరుస్తాయని భయమేసిందా?"

"వెళ్ళండి బాబాయ్. ఇవ్వాళ రాజ్యం మీదేగా."

"రాజ్యం సంగతి తర్వాత. బస్తాలు దింపు."

తాతయ్య కదల్లేదు. పోటీవాళ్ళ చేతుల్లో సరుకు పెట్టడమా?

"మా బస్తాల్లో కలిపేసుకుంటామనా నీ అనుమానం? ఏదీ, ఆ తువ్వాలు ఇటియ్యి."

తాతయ్య ఇచ్చిన ఎర్ర తువ్వాలుని పీలికలుగా చింపి, ఒక్కో బస్తా మూతికీ ఒక్కోటి కట్టాడాయన. బండికి రెండేసి చొప్పున పంచుకుని వెళ్ళిపోయారు. విరిగిన బండి దగ్గర తాతయ్యా, రెండు ఎద్దులూ మిగిలారు. చక్రం బాగుచేయించుకుని మర్నాటికి గానీ బెజవాడ చేరలేదు.

కొట్టు దగ్గరికి భయపడుతూనే వెళ్ళాడు. ఎర్ర పీలికల బస్తాలన్నీ అప్పటికే కాటా అయిపోయి ఉన్నాయి. అదీ జగ్గయ్యపేట బస్తాలకంటే ముందు!

షావుకారే చెప్పాడట: "పరిటాల దాకా వాడే ముందున్నాడండీ, వాడి సరుకే ముందెక్కాలి అని ఆ పెద్దాయన పట్టుబట్టాడయ్యా. ఏం చేస్తాను?"

నందిగామకి కబుర్లు ఆగలేదు.

మరుసటి వారం మునేట్లో చక్రాలు నానుతుంటే తాతయ్య ఆ పెద్దాయనకి చుట్ట ఇచ్చాడు. గట్టెక్కగానే మాత్రం ఇద్దరూ ఎద్దుల్ని అదిలించారు. ఆ వారం ఆయనే గెలిచాడు.

"రెండోసారి వదుల్తాడా ఏంటి!" అన్నాడు తాతయ్య, తనే గెలిచినంత గర్వంగా.

ఆ రికార్డింగు గ్రూపులో పెట్టాను. మామయ్య విన్నాడు. పోనీ మీరు చెప్పండి. పొట్ట కొట్టేవాళ్ళకి మన బండి రోడ్డు మీద ఒరిగి దొరికితే, తమ బస్తాలు ఆపుకుని మనవి ముందు కాటా ఎక్కిస్తారా?