గడ్డిలో పాతిన మనిషి

మా ఆయన సెవరిన్‌ను మా నాన్న మొదటిసారి కొట్టింది పెళ్ళయిన ఏడాది జూన్‌లో, గడ్డి కోతలప్పుడు. పొడుగు కొడవలి పక్కన పడేసి, గట్టు మీద కూర్చుని తుమ్ముతున్నాడని. కళ్ళు వాచి ముక్కు కారుతున్న ఆ మొహం మీదే రెండు చెంపలూ వాయించాడు. ఇల్లరికం వచ్చినవాడికి పని కనిపిస్తే జలుబు చేస్తుందని మా అన్న క్విరిన్‌తో అంటే, వాడు పడీ పడీ నవ్వాడు.

మా కొండల్లో ఒంటికి గడ్డి పడదంటే ఎవరూ నమ్మరు. ఇక్కడ అందరం పశువులపాక వెచ్చదనంలో పెరిగినవాళ్ళమే. సెవరిన్ మాత్రం కొండ దిగువన బోజెన్ పట్టణంలో, ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో పెరిగాడు. వాళ్ళమ్మ పొద్దునా సాయంత్రం నేల కడిగేది. పెద్దవాడయ్యేదాకా ఆవును ముట్టుకుని ఎరగడు. నాకోసం కొండెక్కి వచ్చాడు. మెత్తని మనిషి. దెబ్బలు తిన్నాక కూడా మా నాన్నను మావయ్యా అనే పిలిచేవాడు.

మరుసటి ఏడు తుమ్ములతో పాటు రొప్పు కూడా మొదలైంది. రాత్రిళ్ళు పడుకోలేక కూర్చునే ఉండేవాడు. అది చూసి మా నాన్న వైద్యం తలపెట్టాడు. మా వైపు నడుం పట్టేసినా, కీళ్ళు బిగిసినా గడ్డిస్నానం చేయిస్తారు. కొండమీద కోసిన గడ్డిని పచ్చిగానే కుప్ప వేస్తే లోపల ఉడికినట్టు వేడెక్కుతుంది. అందులో మనిషిని మెడదాకా పూడ్చి పెడతారు. చెమటతో రోగం దిగిపోతుందని నమ్మకం. దిగడం నేనూ చూశాను. అయితే అవి వేరే రోగాలు.

సెవరిన్ వద్దన్నాడు. నాన్నా క్విరినూ కలిసి ఆయన్ను దుప్పటిలో చుట్టి, చేతులు కదలకుండా కట్టి, కుప్పలోకి తోసి పూడ్చారు. అరుపు విని నేను వంటింట్లోంచి పరిగెత్తేసరికి అరుపు ఆగిపోయి, ఊపిరి తీసినప్పుడల్లా రొమ్ములోంచి ఊళ వినిపిస్తోంది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నాన్న ఆయన భుజాల మీద మోకాలు పెట్టి అదిమిపట్టి ఉన్నాడు.

"ఓర్చుకో అల్లుడూ, దిగుతోంది."

చేతికి గడ్డి ఎత్తే పంగలకర్ర దొరికింది. దాని పిడితో మా నాన్న తల మీద కొట్టాను. నెత్తురు గడ్డి మీద చిందింది. ఆయన పక్కకి ఒరిగాక గోళ్ళతో గడ్డి తవ్వి, మా ఆయన్ను జుట్టు పట్టుకుని బయటికి లాగాను.

డాక్టరమ్మ కింది ఊరి నుంచి వచ్చి తొడలో సూది పొడిచింది. మనిషి తెప్పరిల్లాక, నాన్న తల కుడుతూ చెప్పింది. ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయట. పువ్వుల పుప్పొడి వల్ల హాని లేకపోయినా ఈయన కణాలు దాన్ని దొంగ అనుకుని విరుచుకుపడతాయట. ఆ కొట్లాటలో ఊపిరి గొట్టాలు వాచి మూసుకుపోతాయట.

"మరి మాకేం కాదే?" అన్నాడు నాన్న.

"మీరు పుట్టిన దగ్గర్నుంచీ పాక దుమ్ము పీల్చారు కదా. అందులో సూక్ష్మజీవుల తునకలు ఉంటాయి. వాటితో రోజూ తగువు పడి పడి మీ కాపలావాళ్ళు రాటుదేలారు. ఎవరిని కొట్టాలో, ఎవరిని పోనివ్వాలో తెలుసుకున్నారు."

"అంటే మా పేడే వీడికి మందా?"

"ఇతనికి కాదు, ఆ వయసు దాటిపోయింది. పుట్టబోయే బిడ్డకైతే మేలు చెయ్యచ్చు. చేస్తుందని ఒట్టేసి చెప్పలేను."

నాకు అప్పుడు నెల తప్పింది. సెవరిన్ నా చెయ్యి వదలకుండా ఆ మాటలు విన్నాడు.

మా కూతురు బుర్గా పుట్టాక దాన్ని నేను పాకలోకి తీసుకెళ్తానన్నా సెవరిన్ వినలేదు. నువ్వు పాలు పితుకుతుంటే కొమ్ములు విసిరే ఆవుల మధ్య పిల్లను ఎవరు చూస్తారన్నాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, బిడ్డను గుండెకు ఆనించుకుని బయల్దేరాడు. నాన్న పంగలకర్ర అడ్డం పెట్టి, చచ్చి నా మీద పెట్టకు పొమ్మన్నాడు. సెవరిన్ బిడ్డను నాకిచ్చి, ఆ కర్ర లాక్కుని, మా నాన్న ఛాతీ మీద ఒక్క తోపు తోశాడు. నాన్న పేడ కాలవలో వెల్లకిలా పడ్డాడు. సెవరిన్ చెయ్యి ఎత్తింది ఆ ఒక్కసారే.

"అల్లుడికి ఊపిరి లేకపోయినా చెయ్యి ఉందిరా," అన్నాడు నాన్న, గడ్డం తుడుచుకుంటూ. మళ్ళీ అడ్డు రాలేదు.

అలా రోజూ వెళ్ళేవాడు. దగ్గుతూనే బుర్గాకు ఆవుల పేర్లు నేర్పాడు. దానికి నాలుగో ఏడు నడుస్తుండగా, కోతల మధ్యలో గాలివాన లేచింది. లోయలో ఉన్న పుప్పొడంతా ఇంటి మీదికి విసిరి కొట్టింది. సెవరిన్ పిల్లను పాకలోంచి తెచ్చి గుమ్మంలో నా చేతికిచ్చి కూలబడ్డాడు. డాక్టరమ్మ ఇచ్చిన, నోట్లో కొట్టుకునే మందు పని చెయ్యలేదు. కింది దారి మీద కొండచరియ పడి డాక్టరమ్మ రాలేకపోయింది. నా ఒళ్ళో ఎగిరెగిరి పడి, అక్కడే పోయాడు. తలుపు చెక్క మీద ఆయన గోళ్ళ గీతలు అలాగే ఉన్నాయి. వాటి మీద రంగు వెయ్యనివ్వలేదు.

మళ్ళీ జూన్ వచ్చింది. బుర్గా పొద్దుటినుంచి గడ్డిలో పొర్లింది. జుట్టు నిండా పుప్పొడితో, పచ్చటి మొహంతో వచ్చింది. మేమంతా పని ఆపి దాని ముక్కు వంకే చూశాం. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, దాని వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. లోపల ఊళ లేదు. గాలి వస్తోంది, పోతోంది.

నాన్న లేచి, అల్లుడు బిడ్డనెత్తుకుని ఆనుకునే పాక గుంజను పిడికిలితో గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. వేళ్ళెముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆపలేదు. నేనూ ఆపమనలేదు.

"తాతా, ఏదీ చెయ్యి చూపించు," అంది బుర్గా.