పోగులు తప్పిన తువ్వాల

ఏటా ఒకసారి ఆ తువ్వాలను ఉతికి, గంజి పెట్టి ఆరేస్తాను. నిన్న ఇస్త్రీ చేస్తుంటే వేడికి గంజి వాసన గుప్పున లేచింది. ఆ వాసనకు నాకు మా నాయిన మగ్గమూ దేవదానం సారు గదీ ఒక్కసారే గుర్తొస్తాయి. సారు పోయి రెండేళ్లు కావస్తోంది. తువ్వాల మాత్రం మర్రిగూడలో ఆయన రోగులను చూసిన బల్ల మీదే ఉంటుంది. ఆ దవాఖానలో నేను నర్సును. దాన్ని ఎవరైనా తీసి పక్కన పడేస్తే ఊరుకోను.

సారును చూడనివాళ్లకు ఆయన్ను ఎట్లా చెప్పాలో తెలియదు. కూలికి పోయే ఇంట్లో పుట్టి, ఈ మండలంలోనే బడికి పోయి, డాక్టరై, మళ్లీ ఇక్కడికే వచ్చి రెండు గదుల దవాఖాన పెట్టిన మనిషి. తోటివాళ్లంతా పట్నంలో స్థిరపడ్డారు. మీరెందుకు పోలేదని ఒకసారి అడిగాను. "గీ నీళ్ల సంగతి తేలకముందే యాడికి పోతనే?" అన్నారు. మా బోరునీళ్లలో ఫ్లోరైడు. ఏళ్ల తరబడి అవే తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లు ప్రతి వాడలో ఉన్నారు. అందుకే సారు నొప్పి ఎక్కడని అడగకముందే, ఏ బోరు నీళ్లు తాగుతున్నారని అడిగేవారు, పరీక్షకు ఆ నీళ్లను సీసాలో తెప్పించి బల్ల మీద పెట్టుకునేవారు. ఆ తర్వాత, "వొంగి కాలివేళ్లు ముట్టు. గదుమ ఛాతికి ఆనించు" అనేవారు. గడ్డం ఛాతికి ఆనకపోతే, నీళ్లే కారణమని ఆయనకు జవాబు దొరికినట్లే.

అబ్బబ్బ, ఆ మనిషికి ఎంత ఆరా! మేకలు కాసే ముసలాయన వస్తే, మేక ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే ఏం చేస్తావని అరగంట అడిగేవారు. బయట బెంచీ మీద జనం గొణిగేవాళ్లు. "సారూ, పదిమంది కూసున్నరు" అని నేను తలుపులోంచి కసిరేదాన్ని. "కూసోనియ్యి. గీ పెద్దమనిషి చెప్పేది నా పుస్తకాలల్ల లేదు" అనేవారు. ముసలాయన నా వైపు గర్వంగా చూసేవాడు. నాకు ఒళ్లు మండేది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా నాయినకు నడుము పట్టింది. ఆయన పేరు అంజయ్య. గుంట మగ్గం మీద తువ్వాలలు నేసేవాడు. నలభై ఏళ్లు గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నందుకే నొప్పి అని ఆయన నమ్మకం. సారు వంగమన్నారు, గదుమ ఆనించమన్నారు. ఆనలేదు. "నీళ్లే అంజన్నా" అన్నారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడినట్లు, మర్రిగూడ డాక్టరుకు ప్రతి నొప్పిలోనూ నీళ్లే కనబడతాయి. కాల్షియం గోలీలు రాశారు. మూడు నెలలు వాటిని నా చేత్తోనే ఇచ్చాను. "పొద్దూకితే ఒళ్లు కాలుతాంది బిడ్డా, తెల్లారేసరికి దుప్పటి తడుస్తాంది. సారుకు చెప్పు" అని అమ్మ రెండుసార్లు అంది. "ఎండలకమ్మా, ఉక్కపోత" అని కొట్టిపారేశాను. నేనూ నర్సునే కదా, నాకు తెలియనిదేముంది!

ఒకరోజు గుంటలోంచి లేవబోయి నాయిన బొక్కబోర్లా పడ్డాడు. ఎడమకాలు మాట వినడం లేదు. మర్నాడు ఆలస్యంగా దవాఖానకు పోయాను. ఏమైంది సరోజా అని సారు అడగడమే తప్పయింది. "మీ గోలీలు మింగి మింగి మా నాయిన మంచం పట్టిండు సారూ, ఇగ మీ నీళ్ల సీసాలు మీరే సూస్కోండ్రి" అని బల్ల మీది సీసాను నెట్టేశాను. అది పగిలింది. సారు గాజుపెంకులు ఏరి, చెప్పులు వేసుకుని, "ఇంటికి పోదాం పా" అన్నారు.

మా ఇంట్లో ఆయన మంచం దగ్గరికి పోకుండా ముందు మగ్గం దగ్గర ఆగారు. నాకు కోపం ముంచుకొచ్చింది. మనిషి పడి ఉంటే ఈయనకు మగ్గం ముచ్చట! నేసిన గుడ్డ చుట్టిన కర్రను తిప్పి, గుడ్డను కొంచెం కొంచెం విప్పుతూ వేలితో తడుముతున్నారు. "అంజన్నా, గీడ పోగులు తప్పినయెందుకు?" అని మంచం వైపు తిరిగి అడిగారు.

"ఎడమకాలితోని తొక్కే చెక్క సరిగ దిగలే సారూ. చెక్క దిగకుంటే పోగులు లేవయి, అడ్డపోగు మోసే నాడె వాటి మీదికెల్లి పోతది" అన్నాడు నాయిన సిగ్గుపడుతూ. నేతలో తప్పు బయటపడినందుకు ఆయన సిగ్గు, చూడండి.

"గీ లోపల బాగున్న గుడ్డ ఎప్పటిది?"

"నెల కింద మొదలువెట్టిన."

సారు అక్కడే గుంట అంచున కూలబడ్డారు. "నీళ్లు ఇరువై ఏండ్లు తీసుకుంటయి. ఒక్క నెలల కాలు పడగొట్టయి" అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్లు. అప్పుడు అమ్మ జ్వరం, చెమట చెప్పింది. నేను తల దించుకున్నాను. ఆయన నా వంక చూడలేదు. ఆ సాయంత్రమే తానే తోడుండి నాయినను నల్లగొండకు తీసుకుపోయారు. స్కానింగులో తేలింది, వెన్నెముకకు టీబీ.

మందులు ఏడాదికి పైగా నడిచాయి. మొదటి నెలలోనే సారు వచ్చి నాయిన ఎదురుగా కూర్చున్నారు. "తప్పు నాది అంజన్నా. నేను నిన్ను సూడలే, నీళ్లను సూసిన."

నాయిన మంచం మీది నుంచి మగ్గం వైపు చూశాడు. తర్వాత, "పోగు తెగితే ముడేసి నేస్తం సారూ. తెగలేదన్నోడే గుడ్డను ఖరాబు జేస్తడు" అన్నాడు. ఆ తప్పుల తువ్వాలను కోయించి ఆయన చేతిలో పెట్టాడు. నాయిన కాలికి బలం తిరిగి వచ్చింది, చేతికర్రతో ఊరంతా తిరుగుతాడు. గుంటలోకి మాత్రం మళ్లీ దిగలేకపోయాడు. మూడు నెలల ముందు పట్టుకుని ఉంటే దిగేవాడేమో. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. సగం సారు మీద, సగం నా మీద.

ఆనాటి నుంచి నడుము నొప్పితో ఎవరొచ్చినా సారు ముందు ఆ తువ్వాల పరిచేవారు. "గీ గుడ్డ నేసినాయనకు నేను తప్పు జెప్పిన. నువ్వు జర అన్నీ ఇడమరిచి చెప్పు" అనేవారు. ఒకాయన హడలిపోయి, "తప్పులు జేస్తనని తనే చెప్పుకుంటుండు, గీ డాక్టరెందుకు!" అని చీటీ వదిలేసి పోయాడు. సారు పడీపడీ నవ్వారు. తర్వాత మా వాడలకు నల్లా నీళ్లు వచ్చాయి, సీసాలు తగ్గాయి, తువ్వాల మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. సంతాప సభలో ఒక పెద్దమనిషి ఆయన్ను తప్పెరుగని వైద్యుడన్నాడు. నా పక్కన కూర్చున్న నాయిన చేతికర్రను నేలకేసి కొట్టి, "గీ మాట సారు ఇంటే కొడుతుండె" అన్నాడు.

ఇప్పుడు సారు కుర్చీలో కుర్రడాక్టరు ఉన్నాడు. మంచివాడే, తొందర ఎక్కువ. ఈ పొద్దున ఒక పత్తి కూలీ వచ్చింది. వంగలేకపోతోంది, గదుమ ఛాతికి ఆనడం లేదు. "ఇక్కడ అందరికీ ఉండేదే, ఫ్లోరైడు" అంటూ ఆయన కలం తీశాడు. నేను ఇస్త్రీ మడత విప్పి, తువ్వాలను ఆయన చీటీ మీదే పరిచాను. ఆయన విసుగ్గా తలెత్తాడు.

"ఎన్ని దినాల సంది అక్కా?" అని ఆమెను అడిగాను.

"గీ నెలల్నే."

"పొద్దూకితే ఒళ్లు వెచ్చగైతదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకెట్ల తెలుసు?"

డాక్టరు కలం మూతపెట్టి, కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. "మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాడు. బయట బెంచీ మీద జనం గొణుగుతున్నారు. నేను తలుపు దగ్గరికి పోయి, "కూసోండ్రి, టైం పడ్తది" అన్నాను.