కొక్కేనికి ఉన్న తాటాకు టోపీ

నయేలీ మొదటిసారి మా చక్కెర మిల్లు వీధిలోకి వచ్చిన రోజున ఒక్క తలుపూ బార్లా తెరుచుకోలేదు. మెడలో ఆఫీసు బిళ్ల వేసుకున్న కుర్రపిల్ల. మనుషులు ఎన్నేళ్లు బతుకుతారో లెక్కగట్టే చదువట ఆమెది. చదువు చివర్లో పని నేర్చుకోవడానికి మిల్లు కార్మికుల పింఛను నిధిలో చేరింది. ఆ మాట వినగానే ఎదురింటి చెఫీనా సిలువ గుర్తు వేసుకుంది.

"ఎవరెప్పుడు పోతారో చూసుకోడానికొచ్చిందే తోమాసా. గడప తొక్కనీకు," అంది నాతో.

నయేలీ వచ్చింది మా పక్కింటి దోన్యా ఒతీలియా కోసం. మిల్లులో పనిచేసి పోయిన భర్త పేరున ఆవిడకు వితంతు పింఛను వస్తుంది. డెబ్బై దాటిన మనిషి. చాలాకాలంగా పింఛను ఇచ్చే కిటికీ దగ్గరికి తను రాదు. వేలిముద్ర వేసిన కాగితం పట్టుకుని నేనే వెళ్తాను. మనిషి పోయినా వీధంతా కలిసి దాస్తున్నామని ఆఫీసులో అనుమానం. బతికుందో లేదో చూసి రమ్మని ఈ పిల్లను పంపారు.

"ఆవిడ లేదమ్మా, చర్చికెళ్లింది," అన్నాను.

"చర్చికి తాళం వేసుంది సెన్యోరా. తాళంచెవి మీ దగ్గరే ఉంటుందటగా."

చర్చి ఊడ్చేదాన్ని, అబద్ధం నాకు అచ్చిరాదు. పిల్ల ఎండకు కమిలిపోయి ఉంటే మందార షర్బత్ ఇచ్చాను. తాగేముందు వాసన చూసింది.

అంతలో పక్క పెరట్లో కోళ్లను అదిలిస్తున్న గొంతు వినబడింది. నయేలీ గ్లాసు పెట్టేసి అటు నడిచింది, వెనకే నేను. ఒతీలియా గుమ్మంలోకి వచ్చింది.

"చచ్చినదాన్ని చూడ్డానికొచ్చావా? గిల్లి చూసుకో."

నయేలీ తను తెచ్చిన పింఛను కార్డు మీది ఫొటోనూ ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆమె చూపు గోడ కొక్కేనికి ఉన్న తాటాకు టోపీ మీద పడింది.

"ఆ టోపీ ఎవరిది?"

"పోయినాయనది. గుర్తుగా ఉంచుకుంది పాపం," అన్నాను గబగబా.

నయేలీ టోపీ అంచును వేలితో తాకింది. "ఇంకా చెమట ఆరలేదే."

సరిగ్గా అప్పుడే నా వంటింట్లోంచి మగగొంతు దగ్గు. కొత్తవాళ్లు వస్తే దోన్ ఫిదెన్సియోను మేం దాచేది అక్కడే.

ఒతీలియా కుర్చీలో కూలబడింది. "చాల్లే తోమాసా. ఆయన నాతోనే ఉంటున్నాడమ్మాయీ. కిటికీ దగ్గర చెయ్యెత్తించి, ఒట్టు వేయించి అడుగుతారు, ఒంటరిగానే ఉన్నావా అని. కాగితాన్నైతే ఎవరూ అడగరు, అందుకే నేను రాను. పెళ్లి చేసుకుంటే పింఛను పోతుంది. చేసుకోకపోతే ఫాదర్ సత్ప్రసాదం పెట్టడు. ఆదివారం పూజలో అది అందుకోడానికి అందరూ లేచి వెళ్తారు, నేను బల్ల మీదే కూర్చుంటా. లెక్కలు తెలిసినదానివిగా, ఏం చెయ్యమంటావో చెప్పు."

నయేలీ కార్డు సంచిలో పెట్టుకుంది. "మీరు బతికున్నారా లేదా అనే చూసి రమ్మన్నారు. ఉన్నారు. అదే చెబుతాను," అని వెళ్లిపోయింది. మేమెవరం నమ్మలేదు. దోన్ ఫిదెన్సియో ఆ వారమంతా తన చెల్లెలింట్లో పడుకున్నాడు.

పింఛను మాత్రం ఆగలేదు. వానలు పట్టాక నయేలీ తీపి రొట్టెలు పట్టుకుని మళ్లీ వచ్చింది. "తినకు, ఏం కలిపిందో," అంది చెఫీనా, తనే ఒకటి తింటూ.

"ఏ వయసు వితంతువులు ఎంతమంది మళ్లీ పెళ్లాడతారో మా దగ్గర ఒక పట్టిక ఉంది," అని నయేలీ చెప్పుకొచ్చింది. "అరవై అయిదు దాటాక అన్నీ సున్నాలే. అంటే ఆ వయసులో ఎవరూ పెళ్లాడరని లెక్కేసి, మీరు పోయేదాకా ఇవ్వాల్సింది నిధి ఎప్పుడో తీసి పక్కన పెట్టింది. మీరు పెళ్లాడినా దానికి నష్టం లేదు. సున్నా ఉన్నచోట మనుషులెవరూ ఉండరనుకున్నానండీ, ఆ టోపీ చూసేదాకా."

ఆ మాటే వాళ్ల పెద్దాయనకు చెప్పిందట. ఆయనకూ అనుమానమే. "ఎవరి పెళ్లి కోసం ఈ సిఫారసు? ఏం ముట్టింది?" అన్నాడట. "ఒక గ్లాసు మందార షర్బత్ సార్," అందట. పేరు మాత్రం చెప్పలేదు. ఆయన లెక్కంతా తిరగేసి, తప్పు దొరక్క, నిధిని నడిపే సంఘం ముందు పెట్టాడు. ఆ వయసు దాటి పెళ్లాడినవాళ్లకు పింఛను ఆపకూడదని తీర్మానమైంది.

ఒతీలియా కళ్లు చిన్నవి చేసింది. "ముందు పెళ్లాడమంటారు, తర్వాత తీర్మానం మారుస్తారు. మిల్లువాళ్ల సంగతి నాకు తెలీదూ."

"మార్చరండీ."

"నువ్వు రాజధానికి పోతావు. అప్పుడు నేనెవర్ని పట్టుకోను?"

ఒతీలియా నయేలీ మణికట్టు పట్టుకుంది.

"అయితే నా పెళ్లికి పెద్దగా నిలబడు. వాళ్లు మాట తప్పితే నన్ను నువ్వే పోషించాలి."

"ఎన్నేళ్లు?"

"అది లెక్కగట్టేదానివి నువ్వేగా."

పెళ్లినాడు, పెళ్లిపెద్ద వేయాల్సిన జంట జపమాలను ఇద్దరి భుజాల మీదా వేసింది నయేలీయే. ఒతీలియా సత్ప్రసాదం అందుకుని, మూసిన నోరు చాలాసేపు తెరవలేదు.

తర్వాతి పింఛనుకు ఆవిడ తనే వచ్చింది. పక్కనే నేనున్నాను. ఒంటరిగానే ఉన్నావా అని అడిగారు. చెయ్యెత్తి, "లేను," అంది, వరసలో చివరివాళ్లకూ వినబడేలా. అని, కాగితం మీద ముద్ర పడేదాకా కిటికీ లోపలి మనిషి చేతుల మీంచి చూపు తిప్పలేదు.