సారు తూచిచ్చిన రాయి

“నీ రాయికి సర్కారు ముద్ర ఉన్నదా అక్కా?”

“నీ బాటుకున్నది ఏనాటి ముద్ర సేటూ? జీపు మొఖం చూసి రెండేండ్లాయె.”

“డీజిలు పైసలు సర్కారు బందువెడితే నేనేం జెయ్యాలె?”

“నువ్వేం జెయ్యకు. నా రాయి వెట్టి తూకమెయ్యి.”

“రేపు గుమ్మడికాయ తెస్తవు. గదీ వెట్టాల్నా?”

నిన్న ఇల్లు సర్దుతూ మనవరాలు తలుపు వెనకాలున్న రాయిని పారేయబోతే కసిరి తెప్పించుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, లింగాలలో మా కల్లం దగ్గరికి పల్లికాయ కొనవచ్చిన సేటుతో నేను పడ్డ గొడవ ఆ రాయి గురించే.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాగర్‌కర్నూలు నుంచి తూనికల సారు ఏడాదికోసారి జీపులో వచ్చి, పెట్టెలోని ఇత్తడి తూకపు బాట్లతో సేట్ల ఇనుప బాట్లను సరిచూసి ముద్ర వేసేవాడు. మేం ఆడవాళ్లం వాగులో ఏరిన రాళ్లు పట్టుకుని వరుసలో నిలబడితే, కాదనకుండా వాటినీ తూచి, సరిగ్గా అయిదు కిలోలయ్యేదాకా అంచులు కొట్టించి, సున్నంబొట్టు పెట్టించేవాడు. నేను చదివింది రెండో తరగతే గానీ, సేటు బాటును సారు బాటు చూస్తుంది, మరి సారు బాటును ఎవరు చూస్తారా అని ఆ పెట్టెలోకి తొంగిచూసేదాన్ని. ఇప్పుడు కాటా మీద ఎర్ర అంకెలు వెలుగుతుంటే అందరూ నమ్మి సంచి ఎత్తుకుపోతున్నారు. ఆ అంకెలను ఎవరు చూస్తున్నారని అడిగితే మనవరాలు నవ్వుతుంది.

సేటుతో గొడవ పడ్డ ఆ పంట, సారు జీపు రాక ఆగిపోయాక వచ్చింది. తక్కెడలో రాయినీ బాటునూ ఎదురెదురుగా పెడితే బాటు వైపే దిగింది. బాటు బరువెక్కిందో, రాయి అరిగిందో తెలియదు గానీ, బాటుతో తూస్తే తూకానికి దోసెడు కాయ అదనంగా సేటుకు పోతుంది. బాయి మోటారు కాలిపోయి ఉంది, దాన్ని బాగుచేయించడం ఆ పల్లికాయ పైసల మీదే. సేటు దిగిరాడు, నేను తగ్గను. చివరికి సారు దగ్గరే తేల్చుకుందామన్నాం.

తెల్లారి అతను బాటు ఒళ్లో పెట్టుకుని, నేను రాయి కొంగులో చుట్టుకుని ఒకే బస్సులో నాగర్‌కర్నూలు పోయాం. ఆఫీసుకు తాళం. ఖర్చు తగ్గించాలని ఖాళీలు నింపక, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఒక్క సారుకే అప్పగించారని, ఆయన ఆ రోజు గద్వాలకు పోయాడని పక్క గది గుమాస్తా చెప్పాడు. బస్సులో మోయలేక పెట్టె ఇక్కడే వదిలిపోయాడట. కిటికీలోంచి తొంగిచూస్తే కనిపించింది, దుమ్ము పట్టి.

తిరిగొచ్చి, ఒక తూకం సేటు బాటుతో, ఒక తూకం నా రాయితో, కాయంతా అమ్మేశాను.