గుట్ట వెనక దాచిన గొర్రెలు

మా వైపు గొర్రెల కాపరిని మంద ఎంతుందని అడిగితే, "ఏదో నాలుగు ఉండాయిలే మేడం" అంటాడు. ఆ నాలుగు నలభై కావచ్చు, నాలుగు వందలూ కావచ్చు. నేను పుట్టి పెరిగింది అనంతపురం టౌనులో కాబట్టి, పశువుల డాక్టరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. ఉరవకొండ దగ్గరి పల్లెలో ఒకాయన నాలుగంటే, నిజంగానే రిజిస్టర్లో నాలుగని రాసుకున్నాను. సాయంత్రం ఆయన మంద రోడ్డు దాటుతుంటే నా స్కూటీ పావుగంట ఆగిపోయింది. వెనక కూర్చున్న మా అటెండరు నవ్వు ఆపుకోలేక దిగి అవతలికి తిరిగి నిలబడ్డాడు.

గొర్రెలను నోటితో లెక్కపెడితే మంద తరిగిపోతుందని వీళ్ల నమ్మకం. పరాయివాళ్ల కన్నే కాదు, సొంత నోరు కూడా తగులుతుందట. పొద్దున దొడ్డి తెరిచినప్పుడు కాపరి పక్కన నిలబడి ఒక్కోదాని ముఖం చూస్తాడు. ఒకటి తగ్గితే ఏది తగ్గిందో, దాని తల్లి ఏదో కూడా చెప్పగలడు. ఎన్నున్నాయో మాత్రం చెప్పడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "టీకా మందు ఎంత తేవల్లో నాకెట్లా తెలుస్తాదన్నా? జోస్యం చెప్పల్లా?" అని పోట్లాడేదాన్ని. వాళ్లు నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, తలూపి, మళ్లీ నాలుగే అనేవాళ్లు.

అందుకని అడగడం మానేసి చూడడం నేర్చుకున్నాను. మంద ఒక సందులోంచి బయటికి రావడానికి ఎంతసేపు పడుతుంది, రాత్రి చేనులో పడుకున్న చోట ఎంత మేర నేల తొక్కుడు పడింది, ఇలాంటివి. రెండు మూడేళ్లకే కన్ను కుదిరింది. మంద కదులుతుంటే చాలు, ఐదు అటో ఇటో చెప్పేసేదాన్ని. మా అటెండరు పందెం కాసి ఓడిపోయి ఓడిపోయి విసిగిపోయాడు. ఈ విద్యలో జిల్లాలో నన్ను మించినవాళ్లు లేరనుకునేదాన్ని, అలా అనుకోవడానికి నాకేమీ మొహమాటం ఉండేది కాదు.

నిజం చెప్పాలంటే నాకు మిగతా పనిలోనూ మొహమాటం లేదు. మొదట్లో ఏ ఊరికి పోయినా, "డాక్టరు రాలేదా మేడం?" అని నా వెనక వైపు చూసేవాళ్లు. ఒక బర్రె కడుపులో దూడ అడ్డం తిరిగితే, భుజం దాకా చేయి పెట్టి గంటన్నర కష్టపడి ప్రాణంతో బయటికి లాగాను. ఆ బర్రె యజమాని ఊరంతా తిరిగి చెప్పాడు. ఆ తర్వాత డాక్టరు ఏడని ఎవరూ అడగలేదు.

ఇక నేను చెప్పదలుచుకున్నది రెండేళ్ల కిందటి సంగతి. వానలు ఇంకా మొదలు కాలేదు. రాయదుర్గం వైపు మేతకు పోయి తిరిగొచ్చిన మందల్లో పారుడు రోగం కనిపించింది. గొర్రెకు జ్వరం వస్తుంది, కళ్లూ ముక్కూ కారతాయి, నోరు పుండవుతుంది, తర్వాత పారుకుంటుంది. సూడి గొర్రెలకైతే కడుపులో పిల్ల నిలవదు. రోగం వచ్చాక దాన్ని చంపే మందు లేదు. ముందే టీకా వేస్తే మాత్రం దగ్గరికి రాదు. ఆ టీకాతో ఒకటే చిక్కు. సీసాలో వంద గొర్రెలకు సరిపడా పొడి ఉంటుంది. కలిపిన రెండు గంటల్లో వేసేయాలి, మిగిలింది పారబోయాలి. ఆ నెల సీసాలు కరువు. వందకు పైన ఒక్క గొర్రె ఉన్నా రెండో సీసా తీయాలి, అంటే ఇంకో ఊరి మందకు తగ్గించాలి.

గాలిమరల గుట్ట కింద ఒక కాపరి కుటుంబం ఉంది. ఆయన, ఆయన భార్య. నేను ఆయన్ను అన్నా అని, ఆమెను వదినా అని పిలుస్తాను. వాళ్ల చేనులో వేరుశనగ వేస్తే రెండేళ్లుగా పెట్టిన విత్తనాలు కూడా తిరిగి రాలేదు. వాళ్లు నిలబడింది మంద మీదే. ఆ ఏడు సూడి గొర్రెలు ఎక్కువ ఉన్నాయని, పిల్లలు దిగితే గట్టెక్కుతామని ఆమె నాతో చాలాసార్లు అంది. ఎన్ని అన్నది అడగలేదు. అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు కదా.

మంద సందులోంచి వస్తుంటే స్కూటీ మీదే కూర్చుని చూశాను. "ఒక సీసా చాలు" అన్నాను అటెండరుతో. చాలింది. చివరి మోతాదు చివరి గొర్రెకు సరిగ్గా సరిపోయింది. నా ఆనందం చూడాలి! అటెండరు వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాను. వదిన మజ్జిగ తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడింది. "డాక్టరమ్మా..." అంటూ ఏదో చెప్పబోయింది. అన్న గొంతు సవరించుకున్నాడు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. అది నేను చూశాను. ఏం వదినా అని అడగడానికి ఎంతసేపు పట్టేది? నా లెక్క సరిపోయిన సంతోషంలో ఉన్నాను, అడగలేదు.

పన్నెండు రోజులకు వదిన ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, కండ్లు పుసులు కట్టినాయి. ముక్కులు కారతాండాయి. రెండు పొద్దున్నుంచి పారతాండాయి."

"టీకా వేసినాం కదా వదినా, ఎట్లొస్తాది? అయ్యే పని కాదు" అన్నాను. అనడమే కాదు, ఫోన్ చేత్తో పట్టుకునే అటెండరు మీద ఎగిరాను. ఆ రోజు డబ్బాలో ఐసు సరిగా పెట్టావా లేదా అని. "మీ ముందరే పెట్టినాను కద మేడం" అన్నాడు పాపం.

ఫోన్లో వదిన నెమ్మదిగా అంది. "టీకా వేసినవి కాదమ్మా. వేయనివి. గుట్ట ఎనక కంపదొడ్డిలో ఉండాయి. ముప్పై నాలుగు. అన్నీ సూడివే."

నా పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక గొర్రెల ఇంటి మనిషి నోటి నుంచి నిఖార్సయిన అంకె విన్నాను. దాన్ని ఇట్లా వినాల్సి వచ్చింది.

వెళ్లేసరికి అన్న కంపదొడ్డి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు, తలెత్తలేదు. సంగతి వదినే చెప్పింది. పరాయివాళ్లు వస్తున్నారంటే మందనంతా ఒకేసారి కంటికి ఆననివ్వరట. సూడివాటిని అసలే చూపరట. కొంత గుట్ట వెనక్కి తోలేసి మిగతాది ముందుకు తెస్తారట. ఇది ఇవాళ్టిది కాదు, ఈయన నాయన కాలం నుంచీ ఉంది. అంటే ఇన్నేళ్లూ నేను కచ్చితంగా లెక్కపెట్టింది వాళ్లు నాకు చూపించినవాటిని. ఎన్ని మందల్లో ఎన్ని గుట్టల వెనక ఎన్ని ఉండిపోయాయో! సిగ్గుతో నా ముఖం మండిపోయింది. సిగ్గుపడితే నేను అరుస్తాను, అది నా జబ్బు. "నీ దిష్టి పాడుగాను! నా కండ్లు పడితే చస్తాయనుకుంటివే, ఇప్పుడు చూడు!" అని గట్టిగా అరిచాను. సంగతి బయటపెట్టిందని ఆయన ఆమె మీద కూడా కోప్పడలేదు. లేచి నీళ్ల బిందె తెచ్చి నా దగ్గర పెట్టాడు.

తర్వాత పని మొదలైంది, పని మొదలైతే నేను మనుషుల్లో పడతాను. జబ్బుపడినవి పదకొండు తేలాయి, వాటిని వేరే దొడ్డిలోకి మార్చాం. మిగతా ఇరవై మూడూ పైకి బాగానే ఉన్నాయి. అనంతపురం ఆఫీసుకు ఫోన్ చేసి, బతిమాలి, కొంచెం బెదిరించి, ఒక సీసా బస్సులో వేయించాను. అటెండరు ఉరవకొండ బస్టాండులో దాన్ని దించుకుని ఐసు డబ్బాతో మధ్యాహ్నానికి వచ్చేశాడు. సూది వేసే ముందు దంపతులిద్దరికీ చెప్పాను.

"లోపల రోగం చేరినదానికి ఇది పనిచేయదు. చేరనిదాన్ని కాపాడుతాది. ఏది ఎట్లాంటిదో నాకూ తెలీదు."

"వెయ్యి మేడం" అన్నాడు అన్న.

పది రోజులు రోజూ పోయాను. జబ్బువాటికి ఇంజక్షన్లు నేను చేశాను. వదిన లేత గులాబీ రంగు మందునీళ్లతో ఒక్కోదాని నోరు కడిగి, వేళ్లతో పుసులు తుడిచి, గంజి తాగించింది. పెళ్లికూతురి ముఖం కడిగినా అంత నెమ్మదిగా కడగరు. అన్న చచ్చినవాటికి గుంతలు తీసి, సున్నం చల్లి పూడ్చాడు. మొత్తం తొమ్మిది పోయాయి. బతికినవాటిలో ఆరింటికి కడుపు పోయింది. టీకా వేసిన ఆ వందా మాత్రం తుమ్మను కూడా తుమ్మలేదు. అది చూసి గర్వపడాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఇంకొక్క సీసా, ఇంకొక్క అరగంట పని, అంతే కదా తేడా.

చివరి రోజు, బతికినవన్నీ మళ్లీ కంపదొడ్డిలో చేరాక, ఆఫీసుకు పంపాల్సిన కాగితం తీసి దొడ్డి దగ్గర రాయి మీద కూర్చున్నాను. పోయినవీ ఉన్నవీ రాయాలి. ఏమీ అడగలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు. అన్న కంపను పక్కకు లాగి, వాకిట్లో నిలబడి, బయటికి వస్తున్న ఒక్కోదాని తల మీద చేయి వేశాడు. "ఒకటి" అన్నాడు. నేను తలెత్తాను. "రెండు." వదిన దొడ్డి పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఎన్నడూ అలవాటు లేని పని కదా, ఆయనకు అంకెలు తడబడ్డాయి. పదిహేను రెండుసార్లు అన్నాడు, మళ్లీ సర్దుకున్నాడు. "ఇరవై ఐదు" దగ్గర ఆగి, గుట్ట ముందటి దొడ్డి వైపు చూపించాడు. "ఆడ నూరు. నూటా ఇరవై ఐదు. రాసుకో మేడం."

రాసుకున్నాను. ఆ అంకె ఇప్పటికీ ఆ కాగితంలో వంకరగానే ఉంటుంది. ఇక దాచుకోవడం చాతకాక చెప్పేశాను.

"తప్పు నీదొక్కడిదే కాదన్నా. వదిన చెప్పబోయింది, నేను వినిపించుకోలేదు. అన్నీ వచ్చినాయా అని నిన్ను ఒక్క మాట అడగలేదు. నా కంటిని నమ్ముకున్యాను."

ఆయన వెనకబడిన గొర్రెను మందలోకి అదిలించాడు.

"నువ్వు అడిగినా నేను చెప్పిండేవాణ్ణి కాదులేమ్మా" అన్నాడు. కంపను తిరిగి వాకిలికి అడ్డం పెట్టి, చేతులు దులుపుకుని, అప్పుడు నా ముఖంలోకి చూశాడు.

"అయినా నువ్వు అడిగి ఉండల్ల."