బాబాయ్ ఒడ్డున ఉండగా

మా ఊళ్లో పెద్దాచిన్నా అందరూ ఆయన్ని సైరన్ బాబాయ్ అనే పిలుస్తారు. నిజానికి ఆ వరస నా ఒక్కదానిదే. ఆయన మా నాన్నకి స్వయానా తమ్ముడు. ఈ ఊరుమ్మడి చుట్టరికం మా పిన్నికి మొదటి నుంచీ గిట్టదు. "ఊరంతటికీ బాబాయే. ఇంట్లో గ్యాసు బండ మార్చమంటే మాత్రం చెవుడు," అని దెప్పేది. పాపం, చెవుడు అబద్ధమేమీ కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ సైరన్ కూత కింద కూర్చున్న మనిషికి ఆ మాత్రమైనా వినబడటమే గొప్ప.

ఏటికి అడ్డంగా డ్యాము, దాని పాదాల దగ్గర కరెంటు తీసే పవర్‌హౌసు. లోపల టర్బైన్లు ఆగి ఉన్నంతసేపూ దిగువన ఏరు మోకాలి లోతుకి మించదు. నున్నటి బండలు, వాటి మధ్య ఈత కొట్టడానికి చక్కటి మడుగు. ఊరికి వేరే పార్కంటూ ఏమీ లేదు కనక సెలవొస్తే జనమంతా అక్కడే. గాలాలేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, పిల్లల్ని తెచ్చి వదిలేసి నీడన కునుకు తీసే తండ్రులు. టర్బైన్లు తిరగడం మొదలయ్యాక అదే చోట నిలువెత్తు మనిషి కనబడడు. నీళ్లు వదిలే ముందు సైరన్ మోగించాలి, పది నిమిషాలు ఆగాలి, అప్పుడు మిషను తిప్పాలి. కాగితం మీద ఉన్నది అంతే.

మా బాబాయ్ దానికి ఇంకో ముక్క తగిలించాడు. పవర్‌హౌసు పైన ఆయనది అగ్గిపెట్టెంత గది. ఒక బల్ల, ఒక కుర్చీ, సైరన్ మీట, కంట్రోల్ రూముకి ఫోను, ఏటి వైపు కిటికీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ ఉతికిన బట్టల కోసం వెనక్కి తిరిగేసరికి పది నిమిషాలూ అయిపోయి నీళ్లొచ్చాయి, జనం జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాల్సి వచ్చింది. అది కళ్లారా చూసినప్పటి నుంచీ ఆయన గడియారాన్ని నమ్మడం మానేశాడు. సైరన్ మోగించి కిటికీ దగ్గర నిలబడేవాడు. ఆఖరి మనిషి ఒడ్డెక్కాక ఫోనెత్తి, దిగువ ఖాళీ, అనేవాడు. ఆ మాట వినబడేదాకా కంట్రోల్ రూములో ఎవరూ మిషను ముట్టుకునేవాళ్లు కాదు. ఒక్కోసారి పది నిమిషాలు కాస్తా అరగంటయ్యేది. పైవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఆ అరగంటా ఆయన బయటికొచ్చి గొట్టం మైకులో తిట్టడమే.

"ఏయ్ ఎర్ర తువ్వాలూ, నీకే చెప్పేది. నీకోసం నీళ్లు ఆగుతాయనుకుంటున్నావా?"

ఆగేవి. వచ్చిన చిక్కల్లా అదే. ఎర్ర తువ్వాలు ఇంకో మునక వేసి, తల తుడుచుకుని, తీరిగ్గా లేచేది.

ఈ సంగతి అందరికన్నా బాగా ఎరిగినవాడు ట్యూబులాయన. పాత లారీ ట్యూబుల్లో గాలి కొట్టి, ఈత రానివాళ్లకి గంటల లెక్కన అద్దెకిచ్చి బతికేవాడు. బాబాయ్‌కి ప్రాణ స్నేహితుడు. డ్యూటీ దిగగానే ఇద్దరూ ఆ ట్యూబుల మీదే కూర్చుని టీ తాగేవాళ్లు. సైరన్ మోగితే కొత్తవాళ్లు హడలిపోయి లేచేవాళ్లు. ఈయన వాళ్లకి ధైర్యం చెప్పేవాడు. "కంగారెందుకండీ? బాబాయ్ తిడుతున్నాడంటే నీళ్లింకా వదల్లేదన్నమాట."

డ్యాము భద్రత చూడటానికి వచ్చిన ఇంజనీరమ్మ ఈ మాట ఓసారి స్వయంగా విన్నది. నేరుగా గదికి వచ్చి, "బాబాయ్ గారూ, మీరు ఆగుతారని వాళ్లకి తెలిసిపోయింది. సైరన్‌కి భయపడటం మానేశారు. మీరు లేని రోజు వీళ్ల గతేంటి?" అని అడిగింది.

"నేనుండగా ఒక్క ప్రాణం పోలేదమ్మా," అన్నాడు బాబాయ్.

"నేనడిగింది మీరు లేని రోజు గురించి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఒకటే సణుగుడు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు నీతులు చెబుతుందా అని. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అప్పుడు మా ఇంట్లో ఎవరమూ ఆమె పక్షాన మాట్లాడలేదు. మాకూ బాబాయ్ అంటే అంత గొప్ప.

ఆయన రిటైరయ్యాక ఆ గదికి తాళం పడింది. సైరనూ టర్బైన్లూ రెండూ ఎక్కడో నగరంలో కూర్చున్నవాళ్ల చేతిలోకి వెళ్లాయి. ఇక్కడ సైరన్ మోగుతుంది, పది నిమిషాలకి నీళ్లొస్తాయి. మధ్యలో చూసే మనిషి లేడు, అడిగే ఫోను లేదు. ఇంజనీరమ్మ ఒడ్డు పొడుగునా బోర్డులు పెట్టించింది. వాటి మీద జనం తడిబట్టలు ఆరేసుకున్నారు. మీటింగు పెట్టి విడమరిచి చెప్పింది. ట్యూబులాయన ముందు వరసలో కూర్చుని అన్నింటికీ తలూపి వచ్చాడు.

కొత్త పద్ధతి మొదలైన వారంలోనే నీళ్లొచ్చేసరికి మడుగులో ఇంకా జనం ఉన్నారు. పడుతూ లేస్తూ ఒడ్డున పడ్డారు. మోకాళ్లు చెక్కుకుపోయాయి, ఎవరిదో బట్టల మూట కొట్టుకుపోయింది. కబురు వినగానే బాబాయ్ మొహం పాలిపోయింది. మర్నాటి నుంచీ చొక్కా గుండీలైనా సరిగ్గా పెట్టుకోకుండా ఏటి ఒడ్డుకి పరిగెత్తడమే పని. సైరన్ మోగితే చాలు, ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూ గొంతు చించుకునేవాడు. ఎవరూ పోకుండా చూడాలి. ఆయన బతుక్కి ఇక అదొక్కటే మిగిలింది.

జనం మహా సంబరపడ్డారు. "బాబాయ్ మళ్లీ డ్యూటీలో చేరాడ్రోయ్," అని ఈలలు వేశారు.

బాబాయ్ ట్యూబులాయన్ని పక్కకి లాగి చెప్పాడు. "ఇప్పుడు నా చేతిలో ఏం లేదురా. మీట లేదు, ఫోను లేదు. నేను అరుస్తున్నా నీళ్లు వచ్చేస్తాయి. అర్థమవుతోందా?"

"మీరు ఒక్క కబురు పంపితే ఆపరా బాబాయ్? అక్కడ మీ మాట కాదనేవాడెవడు?" అని నవ్వేశాడు ఆయన.

ఆ తర్వాతి ఆదివారం నేనూ ఒడ్డునే ఉన్నాను. విపరీతమైన జనం. సైరన్ మోగింది. బయటి ఊళ్లవాళ్లు భయపడి త్వరగానే లేచారు, మనవాళ్లు మెల్లగా లేచారు. మడుగు దాదాపు ఖాళీ అయింది. ఎవరో వదిలేసిన ట్యూబొకటి అవతలి బండ దాకా కొట్టుకుపోయి అక్కడ చిక్కుకుంది. అది చూసి ట్యూబులాయన పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు.

బాబాయ్ పెద్దగా అరిచాడు. బూతులు కూడా తిట్టాడు. ఆయన నోట అలాంటి మాటలు నేనెప్పుడూ వినలేదు. ట్యూబులాయన సగం దూరంలో ఆగి వెనక్కి తిరిగాడు. బాబాయ్‌ని చూశాడు. తెలిసిందిలే అన్నట్టు చెయ్యి ఊపి, నవ్వి, మళ్లీ బండ వైపు నడిచాడు. ఆ నవ్వు నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు హోరు వినిపించింది, వెనకే నీళ్లు వచ్చాయి. దిగబోయిన బాబాయ్‌ని నలుగురం కలిసి పట్టుకున్నాం. ట్యూబు తేలుతూ మా ముందు నుంచే వెళ్లిపోయింది. మనిషి మర్నాడు వంతెన స్తంభం దగ్గర దొరికాడు.

బాబాయ్ ట్యూబులాయన ఇంటికి వెళ్లి గడప దగ్గరే కూలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను. గది నిండా రబ్బరు వాసన, గోడలకి ట్యూబులు, మూలన గాలి పంపు. ట్యూబులాయన భార్య ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఉంది. అయినా లేచొచ్చి ఆయన్నే ఓదార్చింది.

"మీరేం చేస్తారు బాబాయ్ గారూ. ఆయనెప్పుడూ అనేవాడు, బాబాయ్ ఒడ్డున ఉండగా మనకేం కాదే అని. మీరు కనబడే ఉంటారు. భయం లేకుండానే పోయుంటాడు. నాకదే కాస్త ఊరట."

ఇంటికొచ్చేటప్పుడు బాబాయ్ ఏటి వైపు దారి వదిలి చుట్టూ తిరిగి నడిచాడు. ఇంజనీరమ్మ ఎప్పుడో చెప్పింది ఆయనకి అప్పుడు తలకెక్కిందని నాకు తెలుసు. తను అక్కడ లేకపోయుంటే ఆ మనిషి సైరన్‌కే పరిగెత్తుకొచ్చేవాడేమో.

దినాలు గడిచాక ఇంజనీరమ్మ మా ఇంటికి వచ్చింది. ఒడ్డున కాపలాకి మనుషుల్ని పెడుతున్నారట. జీతం, విజిల్, యూనిఫాం ఇస్తారట. "మీ మాటయితే వింటారు బాబాయ్ గారూ," అంది. పాత వాదన ఎత్తి ఒక్క ముక్క కూడా దెప్పలేదు. మంచి మనిషి.

"వింటారమ్మా, కానీ లేవరు. నన్ను చూస్తే అసలు లేవరు," అన్నాడు బాబాయ్. మళ్లీ తనే, "నాకో సాయం చెయ్యండి. నేను ఊరొదిలి పోయానని చెప్పించండి. అసలు చచ్చిపోయాననుకున్నా పరవాలేదు. ఇక ఆపేవాడు లేడని వాళ్లకి తెలియాలి," అన్నాడు.

లోపలి నుంచి పిన్ని వచ్చి, ఆయన మొహం చూసి, వీధి తలుపు దగ్గరికి వేసింది.

బాబాయ్ ఊళ్లో లేడన్న మాట టీకొట్ల నుంచే పాకింది. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి అడిగితే పిన్ని చెదరకుండా అబద్ధం చెబుతుంది, లోపలికొచ్చి కళ్లు తుడుచుకుంటుంది. ఆయన వీధి మొహం చూసి ఏళ్లయింది. సైరన్ మోగితే మంచం మీద లేచి కూర్చుని, నేను ఏటి దాకా వెళ్లి చూసి వచ్చేదాకా తలుపు వైపే చూస్తూ ఉంటాడు.

"లేచారా?" అంటాడు.

లేచారంటాను.

"అందరూనా?"

అందరూ అనే చెబుతాను. అది ప్రతిసారీ నిజం కాదు.